నీలి ఆకుల తాటి నాటేముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

ఇంటి ముందు నీలి ఆకుల తాటిచెట్టు పెట్టుకోవాలని ఉందని రాశావు. పొడి నేల ఉన్న చోట ఉంటున్న మీ అక్క, చలికాలమంతా ముసురు పట్టే చోట ఉన్న తమ్ముడు కూడా అదే కొంటామంటున్నారట. ముగ్గురూ ఒకే మొక్క కొంటే కనీసం ఇద్దరి డబ్బు నీళ్లపాలు. నర్సరీలో ‘బ్లూ ఫ్యాన్ పామ్’ అని అమ్మేది ఒక్క చెట్టు కాదమ్మా. ఆకు విసనకర్రలా విచ్చుకుని కాస్త నీలంగా ఉంటే చాలు, ఆ పేరు తగిలించేస్తారు. అందుకే శాస్త్రీయ నామం అడిగి మరీ కొనాలి. అది చెప్పలేని చోట కొనకపోవడమే మేలు.

అక్కకైతే బ్రాహియా ఆర్మాటా. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా, సొనోరా ప్రాంతాల్లో రాతి లోయల్లో, ఎండిన వాగుల పక్కన పుట్టిన చెట్టు ఇది. మండే ఎండ, రాళ్లు కలిసిన నేల, తక్కువ వాన, ఇవే దీనికి సుఖం. సున్నపు నేలలో కూడా బాగా వస్తుంది. గాలి, నేల పొడిగా ఉంటే సున్నాకి 9 డిగ్రీలు దిగువన చలిని కూడా ఓర్చుకుంటుంది. ఎప్పుడూ ఉక్కగా, తడిగా ఉండే చోట మాత్రం ముఖం వేలాడేస్తుంది. ఎదుగుదల చాలా నిదానం, కాండం కనబడటానికే ఏళ్లు పడుతుంది. తొందర ఉన్నవాళ్లకి పనికిరాదని ముందే చెప్పు. పూతకొచ్చాక మాత్రం చూడాలి, మీగడ రంగు పూలగెలలు ఆకుల్ని దాటుకుని నాలుగైదు మీటర్ల పొడవున కిందికి వేలాడతాయి.

నీకు, అంటే వేడితో పాటు గాలిలో తేమ కూడా ఎక్కువగా ఉన్న చోటికి, బిస్మార్కియా నోబిలిస్ సరిపోతుంది. మడగాస్కర్ ఉత్తర, పడమటి భాగాల్లోని గడ్డిమైదానాల చెట్టు. అక్కడ వేసవిలో వానలు కురిసి, తర్వాత నెలల తరబడి చుక్క పడదు. అందువల్ల వేడి వాన దీనికి కొత్త కాదు. గడ్డకట్టే చలి అంటే మాత్రం పడదు, సున్నా దాటి రెండు మూడు డిగ్రీలు దిగితే ఆకులు మాడతాయి. ఇందులో ఆకుపచ్చ రకం ఒకటుంది, అది చలికి ఇంకా సుకుమారం. లేత మొక్కల్లో ఎర్రటి, ఊదా ఛాయ ఉన్నవాటిని ఎంచుకో. అవి నీలి, వెండి రంగు తేలే అవకాశం ఎక్కువ.

చోటు విషయంలో బిస్మార్కియా దగ్గర మొహమాటపడకు. ఎదిగిన చెట్టు ఆకు ఒక్కటే మూడు మీటర్ల వెడల్పు దాకా విచ్చుకుంటుంది, తల మొత్తం ఆరేడు మీటర్లు ఆక్రమిస్తుంది. గోడకి కనీసం నాలుగు మీటర్ల దూరం వదలాలి. కరెంటు తీగల కింద అసలు వద్దు. అంత జాగా లేకపోతే ఈ చెట్టు మీద ఆశ వదులుకో. ఆకులు నరికి సర్దుకుందామంటే చెట్టూ పాడవుతుంది, అందమూ పోతుంది.

ఇది మన తాటికి దగ్గరి చుట్టం. తాటిటెంక మొలిచేటప్పుడు తేగ ఎలా నిలువుగా భూమిలోకి దిగుతుందో, దీని విత్తనమూ అలాగే మొలకని లోతుకి పంపుతుంది. కాబట్టి విత్తనం వేస్తే లోతైన కుండీలోనే వెయ్యాలి. మొక్క కొంటే వేళ్లు కదలకుండా, మట్టిముద్ద చెదరకుండా దింపాలి. ఒకసారి నేలలో పెట్టాక కాండం తేలేలోపు చోటు మార్చాలని చూడకు. ‘ఇక్కడ బాగాలేదు, అటు జరుపుదాం’ అనుకునే లోపే అది చచ్చిపోతుంది.

తమ్ముడి సంగతే కొంచెం చిక్కు. వాడికి చామెరాప్స్ హ్యుమిలిస్‌లో సెరిఫెరా అనే రకం చెప్పు. మొరాకోలోని అట్లాస్ కొండల మొక్క, రెండు మూడు మీటర్లకి మించి పెద్దగా లేవదు, గుబురుగా పిలకలు వేస్తుంది. సున్నాకి 10 డిగ్రీలు దిగువ దాకా తట్టుకుంటుంది. కుండీలో పెంచాలంటే వీటన్నిటిలో ఇదే నయం. మట్టల మీది ముళ్లు మాత్రం పదునుగా ఉంటాయి. పిల్లలు ఆడుకునే దారిలో, నడిచే బాట పక్కన పెట్టొద్దు.

అందరూ థర్మామీటర్ చూసి టెన్షన్ పడతారు గానీ, ఈ చెట్లని ఎక్కువగా చంపేది చలీ తడీ కలిసి రావడం. తాటిజాతి చెట్టుకి ఎదిగే చోటు ఒక్కటే, తల మధ్యనున్న మొవ్వు. మామిడికో జామకో కొమ్మ పోతే పక్కనుంచి ఇంకోటి వస్తుంది. ఒంటి కాండం తాటికి మొవ్వు పోతే ఇంక చెట్టు లేదు. చలికి ఎదుగుదల ఆగిన రోజుల్లో వాననీళ్లు మొవ్వులో నిలిస్తే బూజు పట్టి కుళ్లుతుంది. కొత్త ఆకు పట్టుకుని మెల్లగా లాగితే ఊడి చేతికొస్తుంది. అప్పుడు కుళ్లిన భాగం తీసేసి, ఆరనిచ్చి, రాగి కలిసిన బూజుమందు పోస్తే ఒక్కోసారి తేరుకుంటుంది. కానీ దాన్ని నమ్ముకుని ఉండకూడదు. తమ్ముడు చేయాల్సింది ముందుజాగ్రత్త. నేల కన్నా ఎత్తుగా, గులకరాళ్లు, ముతక ఇసుక దండిగా కలిపిన దిబ్బ వేసి దాని మీద నాటాలి. చలికాలపు ఎండ పడే గోడకి దగ్గరగా చోటు చూసుకోవాలి. ముసురు పట్టినప్పుడు తల మీద నీళ్లు పడకుండా, పక్కలనుంచి గాలి ఆడేలా ఒక కప్పు కట్టాలి. ప్లాస్టిక్ సంచి తొడిగి రోజుల తరబడి వదిలేస్తే లోపల చెమ్మ పట్టి, కప్పకపోవడమే నయం అనిపిస్తుంది.

ఆకుల నీలం గురించి అడిగావు. అది ఆకు మీద పూతలా ఉండే మైనం. ఎండని వెనక్కి కొట్టడానికి, నీరు ఆవిరైపోకుండా ఆపడానికి చెట్టు తయారుచేసుకున్న తొడుగు. నీడలో పెంచితే ఆ నీలం తేలదు. రోజంతా ఎండ తగలాలి. దుమ్ము పడిందని గుడ్డపెట్టి తుడవకు, సబ్బునీళ్లు, నూనె మందులు కొట్టకు. రుద్దిన చోట పచ్చగా తేలి, ఆ ఆకు ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది. చిన్న మొక్క కాస్త పచ్చగా ఉంటే కంగారుపడకు, మొదటి ఆకుల్లో రంగు పూర్తిగా రాదు.

నాటడం నేల వేడెక్కే కాలం మొదట్లో. చల్లటి మట్టిలో వీటి వేళ్లు కదలవు, తడిలో ఊరికే నానుతాయి. కాండం మొదలు పాతిపెట్టకూడదు, కుండీలో మట్టి ఎంతవరకు ఉందో అంతవరకే. మొదటి ఏడాది రెండేళ్లు వేసవిలో బాగా నీళ్లు పెట్టాలి. ఎడారి చెట్టు కదా అని కొత్త మొక్కని ఎండగట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎడారిలో కూడా బ్రాహియా ఎక్కువగా లోయల్లో, వాగుల పక్కనే బతుకుతుంది, అక్కడ నేల లోపల నీటిచెమ్మ ఉంటుంది. లోతుగా తడిపి, పైమట్టి ఆరాక మళ్లీ తడపడం మంచి పద్ధతి.

ఎరువులో నత్రజని కన్నా పొటాష్ ఎక్కువుండాలి. మెగ్నీషియం, మాంగనీస్ కూడా కావాలి. ఇసుక నేలల్లో పొటాష్ త్వరగా కొట్టుకుపోతుంది. అప్పుడు కింది ముసలి ఆకుల మీద పసుపు, నారింజ మచ్చలు వచ్చి కొసలు ఎండుతాయి. చూడ్డానికి బాగాలేదని వాటిని కోసేయాలనిపిస్తుంది, కోయకు. చెట్టు ఆ ముసలి ఆకుల్లోంచి పొటాష్ లాగి లేత ఆకులకి పంపుకుంటుంది. కోశావంటే ఆ లోటు పై వరస ఆకులకి ఎక్కుతుంది. పూర్తిగా గోధుమ రంగుకి మారి వేలాడినదాన్నే తియ్యి. కొత్త ఆకులే ముడుచుకుని చిట్లినట్టు వస్తుంటే మాంగనీస్ లోపం అనుమానించు, సున్నం ఎక్కువున్న నేలల్లో అది మామూలే.

కొనేముందు కుండీ అడుగు ఫోటో తీసి నాకు పంపు. వేళ్లు రంధ్రాల్లోంచి బయటికొచ్చి నేలలో పాతుకుపోయి ఉంటే, కుండీ లేపగానే అవి తెగుతాయి. అలాంటి మొక్క ఎంత చవకగా ఇచ్చినా వద్దను. అక్కకీ తమ్ముడికీ ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఆశీస్సులతో
పెద్దనాన్న