స్టేడియం స్థలం వెతుకుతున్న మేనల్లుడికి

చి. అబ్బాయికి ఆశీస్సులు.

స్టేడియం స్థలాల కమిటీలో నిన్ను వేశారని, మూడు స్థలాలు చూస్తున్నారని రాశావు. చెరువు పక్కన 30 ఎకరాల ప్రభుత్వ భూమి, బైపాస్ అవతల 9 కిలోమీటర్ల దూరంలో 40 ఎకరాలు, ఊళ్లో పాత మార్కెట్ యార్డు 14 ఎకరాలు. మొదటి రెండూ పైసా ఖర్చు లేకుండా వస్తాయని అందరూ అటే మొగ్గుతున్నారన్నావు. కాస్త ఆగు. మూడు లక్షల జనం ఉన్న ఊళ్లో ముప్పై ఎకరాలు ఇన్నేళ్లూ ఎవరూ ముట్టుకోకుండా మిగిలాయంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. అదేమిటో తేలేదాకా సంతకం పెట్టకు.

ముందు ఎంత స్థలం కావాలో లెక్క వేసుకో. ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్ సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు. అంటే నాలుగెకరాల పైచిలుకు. పదిహేను వేల మందికి గ్యాలరీలు, చుట్టూ ఫైరింజన్ తిరిగే దారి కలిపితే ఉత్తర దక్షిణాలుగా 250 మీటర్లు, తూర్పు పడమరలుగా 180 మీటర్లు కావాలి. పదకొండెకరాలు. దిక్కు విషయంలో రాజీ పడకు. మైదానం పొడవు ఉత్తర దక్షిణాలుగా లేకపోతే సాయంత్రం ఎండ సూటిగా ఆటగాడి కళ్లలో కొడుతుంది. అందుకే ఎకరాలు ఎన్నున్నా, తూర్పు పడమరలుగా సాగిన సన్నటి భూమి చెక్క పనికిరాదు.

అదే మైదానంలో క్రికెట్ కూడా ఆడిద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకు. ట్రాక్ లోపలి వెడల్పు 73 మీటర్లే. క్రికెట్‌కు పిచ్ మధ్య నుంచి బౌండరీ తక్కువలో తక్కువ 59.43 మీటర్లు, అంటే రెండు వైపులా కలిపి 119. రెండూ ఇరికిస్తే రెండూ చెడతాయి.

ఇక చెరువు పక్క భూమి. అడంగల్‌లో (ఊరి భూముల లెక్కల పుస్తకంలో) 'ప్రభుత్వ భూమి' అని ఉంటే సరిపోదు. ఆర్‌ఎస్‌ఆర్ (పాత సర్వే నాటి భూముల రిజిస్టర్) తీయించి అది చెరువు పోరంబోకో, వాగు పోరంబోకో, అంటే చెరువుకో వాగుకో వదిలిన ఉమ్మడి భూమో చూడు. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితా చూడు, ఆ భూమిలో డి-పట్టాలు (పేదలకు ప్రభుత్వం ఇచ్చే అసైన్‌మెంట్ పట్టాలు) ఎవరికైనా ఇచ్చారేమో కనుక్కో. చెరువులను కాపాడాలని 2001లో, ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. హైకోర్టులో ఒక్క రిట్ పిటిషన్ పడితే సగం కట్టిన గ్యాలరీ అలాగే నిలిచిపోతుంది. పదిహెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు వదిలెయ్యాలి. ఆ గీత ఎక్కడుందో ఇరిగేషన్ వాళ్లు పటం మీద చూపిస్తే సరిపోదు, నేల మీద రాళ్లు పాతించమను. అలుగు పారితే నీళ్లు ఎటు పోతాయో కూడా నడిచి చూడు. కల్వర్టు గోడ మీద బురద చార ఎంత ఎత్తున ఉందో, కంచెకు చెత్త ఎక్కడిదాకా పట్టుకుందో చూస్తే చాలు, వరద ఎంత వచ్చిందో తెలిసిపోతుంది.

మట్టి సంగతి ఇంకా ముఖ్యం. ఎండాకాలం బీటల్లో చెయ్యి మణికట్టు దాకా దిగిందంటే అది నల్లరేగడి. ల్యాబ్ రిపోర్టు వచ్చేలోగా నువ్వే ఒక పరీక్ష చెయ్యి. అడుగున్నర లోతు మట్టి తీసి, బాగా ఎండబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, పది పది గ్రాములు రెండు కొలజాడీల్లో వెయ్యి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పొయ్యి. కలియబెట్టి ఇరవైనాలుగు గంటలు కదపకు. కిరోసిన్‌లో మట్టి 10 గీత దగ్గర, నీళ్లలో 18 దగ్గర ఆగిందనుకో, 80 శాతం ఉబ్బినట్టు. 50 దాటిందంటేనే భయపడాలి. సింథటిక్ ట్రాక్‌కు అడ్డంగా నూటికి ఒకటి, పరుగు దిశలో వెయ్యికి ఒకటి మించి వాలు ఉండకూడదు. రేగడి ఒక్క చోట రెండంగుళాలు ఉబ్బినా ట్రాక్ పగులుతుంది. మీటరు లోతు తవ్వి ఉబ్బని గ్రావెల్ నింపాలంటే ఒక్క ట్రాక్ మేరకే 16,500 ఘనపు మీటర్లు. టిప్పరుకు పది చొప్పున 1,650 టిప్పర్ల మట్టి బయటికి, అంతే గ్రావెల్ లోపలికి. ఊరికే వచ్చిన భూమి ఖర్చు ఇక్కడ తేలుతుంది.

బైపాస్ స్థలానికి చిక్కు జనంతో. పెద్ద మ్యాచ్‌లు ఏడాదికి ఎన్ని జరుగుతాయి? మిగతా రోజుల్లో తెల్లారి ఐదింటికి పరిగెత్తే పిల్లలది ఆ మైదానం. పదో తరగతి ఆడపిల్ల చీకట్లో తొమ్మిది కిలోమీటర్లు ఎలా వెళుతుంది? ఆ వేళకు సిటీ బస్సుందా? హనుమకొండ నెహ్రూ స్టేడియం ఊరి మధ్యే ఉంది. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి. నీళ్లు కూడా చూడు. 7,140 చదరపు మీటర్ల ఫుట్‌బాల్ గడ్డికి వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే దాదాపు 36 వేల లీటర్లు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. బోరు ఎంత పోస్తుందో మే నెలలో కొలిపించు. పుణె శివార్లలోని గహుంజే స్టేడియానికి పవనా నది నీళ్లు వాడరాదని 2018లో బాంబే హైకోర్టు ఆపేసింది. మురుగునీటి శుద్ధి కేంద్రం దగ్గర్లో ఉంటే అదే మంచి ఆధారం. హైటెన్షన్ లైను పోతోందేమో కూడా చూడు. 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల వెడల్పు పట్టీ లైను కింద పోయినట్టే.

నా ఓటు మార్కెట్ యార్డుకే. పదకొండెకరాలు పోగా మూడెకరాలు మిగులుతాయి. దారితో కలిపి కారుకు 25 చదరపు మీటర్ల లెక్కన 480 కార్లు పడతాయి. కానీ రెండు వైపులా రోడ్డు ఉంటేనే. పదిహేను వేల మంది ఎనిమిది నిమిషాల్లో బయటపడాలి. మీటరు వెడల్పు గేటులో నిమిషానికి 82 మంది దాటుతారు, కాబట్టి గేట్లన్నీ కలిపి 23 మీటర్లు ఉండాలి. అవన్నీ ఒకే రోడ్డు మీదికి తెరుచుకుంటే తొక్కిసలాటే. వెనక సందు వెడల్పు చేయించగలరా అని కమిషనర్‌ను ఇప్పుడే అడుగు.

సర్వేయర్‌ను తీసుకెళ్లి యార్డు నాలుగు మూలలూ కొలిపించు. ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలుతో పాటు ఆ కొలతలు పంపితే, ట్రాక్ ఎలా కూర్చుంటుందో స్కేలు మీద గీసి పంపిస్తాను.

మీ మామయ్య