ఫోన్‌లో చెప్పిన డోసు ఎవరి మెడకు?

ప్రశ్న: ప్రైవేటు ఆస్పత్రిలో తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సుని. డాక్టర్లు తక్కువగా ఉన్నారని ఈ నెల నుంచి రాత్రిపూట ఐసీయూ నన్నే చూసుకోమన్నారు. "నీకు తెలియనిదేముంది సిస్టర్, అవసరమైతే డోసు నువ్వే పెంచు, పొద్దున వచ్చి సంతకం పెడతా" అంటారు డాక్టర్ సార్. ఏమన్నా అయితే నా మీదకు వస్తదా?
– ఒక సోదరి, నర్సంపేట

జవాబు: వస్తుందమ్మా. టెన్షన్ పెట్టడం నాకూ ఇష్టం లేదు కానీ దాచి లాభం లేదు.

నష్టపరిహారం భారం ఎక్కువగా ఆస్పత్రి మీదే పడుతుంది. 1998 నాటి స్ప్రింగ్ మెడోస్ ఆస్పత్రి కేసు అలాంటిదే. డాక్టర్ ఇవ్వాల్సిన ఇంజెక్షన్‌ని నర్సుకు వదిలేశారు, పసివాడి మెదడు దెబ్బతింది. పరిహారం ఆస్పత్రి కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది.

క్రిమినల్ కేసు సంగతి వేరు. అక్కడ ఎవరి చేత్తో చేసిన పనికి వాళ్లే జవాబు చెప్పాలి. ఐపీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ చూడండి. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఐదేళ్ల దాకా జైలు. వైద్యం చేస్తుండగా రిజిస్టర్డ్ డాక్టర్ వల్ల పోతే రెండేళ్ల దాకే. ఆ వెసులుబాటు మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లకే, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు వర్తించదు. పని డాక్టర్‌ది చేయించుకుంటారు, శిక్షలో తగ్గింపు మాత్రం మీకు రాదు. నాకిది అన్యాయంగానే కనిపిస్తుంది.

ప్రతి పొరపాటుకూ జైలుండదు లెండి. నిర్లక్ష్యం ఘోరమైనదైతేనే నేరమని 2005లో జేకబ్ మాథ్యూ అనే డాక్టర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కానీ లేని నైపుణ్యం ఉందన్నట్టు పని నెత్తినేసుకున్నా నిర్లక్ష్యమేనని అదే తీర్పులో ఉంది.

హన్మకొండ కోర్టులో ఒకసారి ఓ కేస్ షీట్ నా చేతికొచ్చింది. రాత్రి 2.10కి ఇంజెక్షన్ ఇచ్చినట్టు నర్సు నల్ల ఇంకుతో రాసింది. డాక్టర్ ఆర్డర్ నీలి ఇంకుతో, రెండు వరుసల మధ్య ఇరికించి ఉంది, టైం లేదు. ఆ నీలి గీతల మీదే ఆ నర్సు పిల్లని గంటన్నర క్రాస్ ఎగ్జామినేషన్ చేశారు.

అందుకని సార్ ఫోన్‌లో డోసు చెప్పగానే టైం, డాక్టర్ పేరు, మందు, డోసు షీట్‌లో రాసి, తిరిగి సార్‌కే చదివి వినిపించండి. పక్కనున్న సిస్టర్‌తో సంతకం పెట్టించండి. వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు. సొంతంగా డోసు పెంచడం మాత్రం ఒప్పుకోకండి. ఏ మందు, ఎంత దాకా, ఎప్పుడు డాక్టర్‌ని పిలిపించాలో సార్ సంతకంతో రాసివ్వమనండి. అది కూడా పూర్తి రక్ష కాదు, కానీ నోటిమాట కన్నా నయం. ఇవ్వనంటే, అడిగినా ఇవ్వలేదని మేనేజ్‌మెంట్‌కు మీరే ఉత్తరం రాసి, ముట్టినట్టు ముద్ర వేయించుకున్న కాపీ దాచుకోండి. ఆస్పత్రి లాకర్‌లో పెట్టకండి, ఇంటికి తీసుకెళ్లండి.