శనివారం రాత్రి ఒక్కదానివే కదా, అందుకే ఈ ఉత్తరం

పాలకొల్లు, బుధవారం

చిట్టీ,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ గొంతు విని ఎవరికో ఏదో అయిందనుకున్నాను. తీరా చూస్తే, మీ అపార్ట్‌మెంట్ మెట్ల కింద పుట్టిన మూడు పిల్లికూనల్ని నువ్వు ఇంట్లోకి తెచ్చి పెంచుతున్నావట. శనివారం మూడింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నావట. "వద్దని చెప్పక్కా, నీ మాటైతే వింటుంది. నీ పిల్లికి ఏమైందో మర్చిపోయావా?" అంది. మర్చిపోలేదు. అందుకే ఫోన్‌లో చెప్పలేక కూర్చుని రాస్తున్నాను.

వద్దని చెప్పను. చేయించు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, ఆపైన రెండు నెలలకల్లా పిల్లల్ని పెట్టేస్తుంది. మన ఊళ్ళో ఆ పిల్లల్ని గోనెసంచిలో వేసి కాలవ అవతల చేపల మార్కెట్ దగ్గర వదిలొచ్చేవాళ్ళు. అంతదూరం నడిచే ఓపిక లేనివాళ్ళు కాలవలోనే. కూనల్ని చూసి అయ్యో పాపం అనేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. సొంత జీతంలోంచి డబ్బు తీసి, సెలవు పెట్టి ఆసుపత్రికి మోసుకెళ్ళేవాళ్ళు ఎంతమంది? మీ అమ్మతో ఈ మాట అనలేదు గానీ, ఫోన్ పెట్టేశాక కాసేపు ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఊళ్ళో ఏఎన్ఎం నర్సుగా ముప్పై నాలుగేళ్ళు చేసినదాన్ని. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి ఎంతమంది ఆడవాళ్ళని వెంటబెట్టుకెళ్ళానో ఆ రిజిస్టర్లకే తెలుసు. క్యాంపు అయ్యాక వరండాలో దుప్పట్లు పరిచి వరసగా పడుకోబెట్టేవాళ్ళం. సాయంత్రానికి జీపెక్కించి ఇంటికి పంపితే, మర్నాడు పొద్దున్నే కళ్ళాపి చల్లుతూ కనిపించేవాళ్ళు. నీ కూనలకి ఒక్కోదానికి ఒక్కో బుట్ట, వేరే గది, కొత్త తువ్వాళ్ళు అని మీ అమ్మ వెటకారం చేసింది. నాకైతే కుళ్ళు పుట్టింది, ఆ వరండాలో పడుకున్న వాళ్ళ తరఫున.

సరే, పనిలోకి వస్తాను. ముందురోజు తిండి ఎప్పుడు ఆపాలో డాక్టర్‌కి ఫోన్ చేసి, గంటతో సహా కాగితం మీద రాసుకో. పెద్ద పిల్లిలా కూనని రాత్రంతా పస్తు ఉంచకూడదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది.

ఇంటికి తెచ్చాక మంచం మీదా సోఫా మీదా వద్దు, నేల మీదే. మత్తు దిగేదాకా కల్లు తాగినట్టు తూలుతూ ఉంటాయి, ఎక్కబోయి పడతాయి. మత్తులో కళ్ళు తెరుచుకునే ఉన్నా భయపడకు. నువ్వు భయపడాల్సింది చలికి. మత్తిచ్చిన ఒళ్ళు తన వేడి తాను నిలుపుకోలేదు, అందులో పిడికెడంత కూనలు. ఫ్యాను, ఏసీ ఆపు. వేడినీళ్ళ సీసాకి మందపాటి తువ్వాలు చుట్టి బుట్టలో ఒక పక్కన పెట్టు. వేడెక్కువైతే జరగడానికి రెండోపక్క ఖాళీగా ఉంచు. ఉట్టి సీసా ఒంటికి తగిలితే కాలుతుంది, మత్తులో ఉన్నదానికి ఆ సంగతి తెలియదు.

మూడూ ఒక్క తల్లి పిల్లలే కదా అని ఒకే బుట్టలో వేయకు. ఆసుపత్రి వాసనకి ఒకదాన్నొకటి గుర్తుపట్టక బుస్సుమంటాయి. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి.

బాగా తెలివొచ్చాక నీళ్ళు, ఆ తర్వాత రోజూ తినేదాంట్లో పావువంతు. పాలు వద్దు, చాలా పిల్లులకి అరగవు. శీలావతి చేపముక్క గానీ కోడిమాంసం గానీ ఉప్పు లేకుండా ఉడికించి, ముల్లూ ఎముకా తీసి పెట్టు. పులుసులో ముక్కని కడిగి పెడతావేమో, అదీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తాన్ని పాడుచేస్తాయి. ఇంతకుమించి పథ్యం లేదు. పక్కింటి మామ్మగారు కుట్ల మీద పసుపూ కొబ్బరినూనే రాయమంటారు, నవ్వి ఊరుకో. డెట్టాల్ అసలే వద్దు, నాకితే కడుపులోకి పోతుంది, పిల్లికి అది విషం. ఆ గది లైజాల్‌తో కూడా తుడవకు.

ఇక నల్లపూస సంగతి.

నీకు గుర్తుండదు. అది 2001 వేసవి, నీకు నాలుగేళ్ళు. దాని తోక పట్టుకుని ఇల్లంతా తిరిగేదానివి. ఒక్క తెల్ల వెంట్రుక లేని నల్లపిల్లి. దాని తల్లికి మూడు కాన్పులు కాలవపాలయ్యాయి. దీన్నైనా తప్పిద్దామని కోళ్ళగంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, పట్నం బస్సెక్కాను. బస్సులో మనూరి పెద్దాయన ఒకాయన "ఏంటండి నర్సమ్మగారూ, మనుషుల్లో టార్గెట్ అవ్వలేదా, పిల్లుల్ని కూడా లెక్కేత్తున్నారా?" అంటే బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

డాక్టర్‌గారు బాగా చేశారు. చిన్న కోత, ముత్యాల్లాంటి కుట్లు. సాయంత్రానికి ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి ముట్టుకుంటే ఒళ్ళు కాలుతున్నట్టనిపించింది. నా సంచిలోంచి థర్మామీటర్ తీశాను. నూట ఒకటిన్నర. ఆపరేషన్ రోజు జ్వరమంటే నాలాంటిదానికి ముందు పుండు చీము పట్టడమే గుర్తొస్తుంది. పిల్లి ఒంటి వేడి మామూలుగానే నూటికి పైన ఉంటుందనీ, నూట రెండున్నర దాకా కంగారు అక్కర్లేదనీ నాకు తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు. ఊరందరి జ్వరాలూ చూసే మనిషిని, ఇంకొకర్ని అడుగుతానా?

పారాసిటమాల్ బిళ్ళ తీసి నాలుగు ముక్కలు చేశాను. ఏడాది పిల్లాడికి ఇచ్చేంత. నూరి, పాలల్లో కలిపి, చెంచాతో పట్టాను. అది మొహం తిప్పుకుంటే "నీ మంచికేనే తల్లీ" అని దవడ నొక్కి మరీ పట్టాను. పన్నెండింటికి చూస్తే వేడి అలాగే ఉంది. ఉండదా మరి, అసలు జ్వరమైతే కదా తగ్గడానికి. ఇంకో పావు ముక్క వేశాను.

తెల్లారేసరికి మొహం ఉబ్బిపోయింది. పాదాలు కూడా. పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు మట్టిరంగులో ఉన్నాయి. డొక్కలు ఎగరేస్తోంది. మొదటి బస్సుకి పరుగెత్తాను. డాక్టర్‌గారు చిగుళ్ళు చూసి ఒకటే మాట అడిగారు, "ఏం ఇచ్చారమ్మా?" అని. చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. నర్సుని కదా అని ఊరుకున్నారేమో, తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం లోపే పోయింది.

ఆయనే తర్వాత వివరంగా చెప్పారు. ఆ మందుని విరిచి బయటికి పంపే సరుకు మన కాలేయంలో దండిగా ఉంటుంది, పిల్లి కాలేయంలో దాదాపు ఉండదు. మందు విషంగా మారి ఎర్రకణాల మీద పడుతుంది. ఊపిరి తీస్తున్నా రక్తం ప్రాణవాయువుని మోయలేదు. విరుగుడు ఉంది గానీ గంటల్లో పడాలి. నేను రాత్రంతా పక్కనే కూర్చుని తల నిమిరాను, చూడు.

ఇంతేనైతే ఈ ఉత్తరం ఇంత పొడవు అయ్యేది కాదు. ఖాళీ గంపతో ఇంటికొచ్చేసరికి మీ పెదనాన్న దగ్గర్నుంచి అందరూ ఏమైందని అడిగారు. "ఆపరేషన్ పడలేదు" అన్నాను. నర్సమ్మ తన చేత్తో మందేసి పిల్లిని చంపుకుందంటే రేపు ఊళ్ళో నా మాత్ర ఎవరు వేసుకుంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సాకు. సిగ్గుపడ్డాను, అంతే. ఆ మాట ఊళ్ళో నాటుకుపోయింది. ఎవరైనా పిల్లికి ఆపరేషన్ చేయిద్దామంటే "నర్సమ్మగారి పిల్లే బతకలేదు, మనకెందుకు" అనేవాళ్ళు. కాలవకి సంచులు వెళ్తూనే ఉన్నాయి. ఆ డాక్టర్‌గారి చేతిపనికి నేను మచ్చ తెచ్చాను. ఇన్నేళ్ళకి అదే మాట మీ అమ్మ నోటివెంట నిన్న నాకే తిరిగొచ్చింది. నువ్వు "నల్లపూస ఏదీ?" అని నాలుగు రోజులు అడిగావు. వాళ్ళమ్మ దగ్గరికెళ్ళిందని చెప్పాను.

కాబట్టి చిట్టీ, శుక్రవారం సాయంత్రమే ఇంట్లో ఉన్న డోలో, క్రోసిన్, కాంబిఫ్లామ్, బ్రూఫెన్, ఏది ఉన్నా బీరువాలో పెట్టి తాళం వేసెయ్. నీ రూమ్మేట్‌కీ, పనమ్మాయికీ కూడా చెప్పు. జాలిగల వాళ్ళే ప్రమాదం, చిరాకుపడేవాళ్ళు మందు పట్టరు. నొప్పికి డాక్టర్ ఇచ్చిన మందు మాత్రమే, సూదిలేని సిరంజితో కొలిచి, రాసిచ్చిన రోజులే. మూలుగుతోందని ఒక చుక్క కూడా ఎక్కువ వద్దు, ఫోన్ చెయ్యి. రాత్రిపూట ఏ నంబర్‌కి చేయాలో ఇంటికి తెచ్చుకునేముందే అడుగు. రెండింటికి ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడ్డావంటే మాత్రం నా చేతిలో తిట్లు తింటావు. ప్రతి రెండు గంటలకీ పెదవి ఎత్తి చిగుళ్ళు చూడు. అలారం పెట్టుకో. తెల్లగా పాలిపోయినా, నీలంగా, మట్టిగా మారినా తెల్లారేదాకా ఆగకు.

నీవి రెండు ఆడవి, ఒకటి మగది అట కదా. ఆడవాటిది మగదానికన్నా పెద్ద కోత. మన ఆడవాళ్ళకి చేసే ట్యూబెక్టమీలో గొట్టాల జోలికే వెళ్తారు, వీటికి అండాశయాలే తీసేస్తారు, చాలాసార్లు గర్భసంచి కూడా. పది పన్నెండు రోజులు గెంతనివ్వకు. మర్నాటికే ఏమీ ఎరగనట్టు కర్టెన్ ఎక్కబోతాయి, అందుకే చిన్న గది. కుట్లు నాకకుండా మెడకి గరాటు కడితే వెనక్కి వెనక్కి నడుస్తూ నీవైపు జాలిగా చూస్తాయి. తీయకు. ఇసుక ట్రేలో కొన్నాళ్ళు ఇసుక బదులు చింపిన కాగితాలు వెయ్యి, పుండుకి అంటుకోకుండా ఉంటుంది. కుట్ల దగ్గర కాస్త ఎరుపు, కాస్త వాపు మామూలే. రక్తం కారినా, కోత విచ్చినా, వాసనొచ్చినా, మర్నాడు పొద్దునకి ముద్ద ముట్టకపోయినా ఆసుపత్రికే.

మగదానిది చిటికెలో పని, వారానికి మానిపోతుంది. మగాళ్ళని వేసెక్టమీకి, అదే వాళ్ళ కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి, ఒప్పించలేక నా సర్వీసంతా అయిపోయింది. నీ మగపిల్లిని ఒప్పించక్కర్లేదు, అదృష్టవంతురాలివి. ఒక్క జాగ్రత్త, వేసెక్టమీ అయినవాళ్ళకి మూడు నెలలు జాగ్రత్త చెప్పేవాళ్ళం కదా, దానికీ కోసిన మర్నాడే పిల్లల్ని పుట్టించే గుణం పోదు. ఓ నెల పైన ఆపరేషన్ కాని ఆడపిల్లుల దగ్గరికి వదలకు.

శనివారం మీ పెదనాన్న తద్దినం, పగలు కదల్లేను. ఆ రాత్రి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరతాను. ఆదివారం పొద్దున్నకి వచ్చి నీ పక్కన కూర్చుంటాను, నువ్వు కాసేపు పడుకుందువు గాని. ఈ ఉత్తరం మీ అమ్మకి నువ్వు చూపించకు. దారిలో నేనే ఫోన్ చేసి చెబుతాను. నల్లపూస పోయింది ఆపరేషన్ వల్ల కాదని నా నోటితోనే చెప్పాలి.

నా బీపీ బిళ్ళలూ మోకాళ్ళ నొప్పుల బిళ్ళలూ సంచిలో ఉంటాయి. గుమ్మంలోనే తీసుకుని ఆ బీరువాలో పెట్టెయ్. తాళం నా చేతికివ్వకు, నేనడిగినా సరే.

మీ పెద్దమ్మ