ఈ-సిగరెట్ టొబాకో లిక్విడ్ సెంటు వాసన కొడుతోందా? ఇంకో ఫ్లేవర్ వేయకండి

ఇంట్లోనే పొగాకు ఫ్లేవర్ ఈ-లిక్విడ్ 60 మి.లీ. కలిపి మూడు రోజులైంది, పొగాకు రుచి రావట్లేదు, సెంటు పీల్చినట్టుంది అని మీలో ఒకరు అన్నారు. టెన్షన్ పడకండి, అది పాడవలేదు. పళ్ల ఫ్లేవర్లు రెండు మూడు రోజుల్లో కుదురుకుంటాయి కానీ పొగాకుది ఆవకాయ తంతే, ఊరాల్సిందే. నాకు లండన్‌లో మొదటి సీసా నాలుగో వారానికి గానీ దారికి రాలేదు.

మూత బిగించి, చీకటి అల్మారాలో పెట్టండి. రోజూ ఒకసారి ఊపితే చాలు. వేడినీళ్లలో పెట్టొద్దు, మూత తీసి ఆరబెట్టొద్దు. నికోటిన్ గాలికి, వెలుతురుకి ఘాటెక్కుతుంది. రంగు కాస్త తేనెలా మారితే కంగారు పడకండి.

అసలు తేడా మీ కొలతలో ఉంది. 60లో 9 మి.లీ. ఫ్లేవర్ అంటే 15 శాతం, చాలా ఎక్కువ. 25 మి.లీ. ఉత్త బేస్ (ఫ్లేవర్, నికోటిన్ లేని ద్రవం), మి.లీ.కి 18 మి.గ్రా. ఉండే నికోటిన్ షాట్ (10 మి.లీ. చిన్న సీసా) సగం, అంటే 5 మి.లీ. చేర్చండి. మొత్తం 90 అవుతుంది, ఫ్లేవర్ 10 శాతానికి దిగుతుంది, నికోటిన్ మునుపటిలాగే మి.లీ.కి 3 మి.గ్రా. దగ్గరే ఉంటుంది. చేతులకు గ్లౌజులు మాత్రం తప్పనిసరి. పిల్లలున్న ఇల్లయితే అల్మారాకు తాళం వేయండి.

వంటింటి ఎసెన్సు కలపనా అన్నారు, వద్దే వద్దు. నూనె ఉన్నదేదైనా ఊపిరితిత్తులకు ప్రమాదం.

సంక్రాంతికి ఊరెళ్తూ ఇవి బ్యాగులో పెట్టుకోకండి. ఇండియాలో 2019 నుంచి ఈ-సిగరెట్లు నిషేధం.