మధ్యాహ్నం పూట ఆరిపోతున్న నీ కంప్యూటర్ గురించి

నాయనా,

మధ్యాహ్నం రెండు దాటాక పెళ్లి ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ పెడితే కంప్యూటర్ దానంతట అదే ఆరిపోతోందని, చూసినతను మదర్‌బోర్డు మార్చాలన్నాడని ఫోన్లో చెప్పినావు. అప్పుడే డబ్బులు ఇవ్వొద్దు. పొద్దున బాగా నడిచి, ఎండ ముదిరినాక మాత్రమే ఆరిపోయే మిషన్‌లో ముందు అనుమానించాల్సింది వేడిని. ఇన్నేళ్లు ఈ కడపలో రిపేర్లు చేసినవాణ్ని కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఇందులో చాలా భాగం నీ చేతులతో నువ్వే చేసుకోవచ్చు.

ఆరిపోయిందంటే చెడిపోయిందని టెన్షన్ పడొద్దు. ఇప్పటి ప్రాసెసర్లు, అంటే కంప్యూటర్‌లో పనంతా చేసే చిప్పులు, 95, 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గించుకుంటాయి. అయినా వేడి ఆగకపోతే, కాలిపోకుండా మిషన్ తనే ఆగిపోతుంది. ఎక్స్‌పోర్ట్ సగంలో నత్తనడక నడిచి, ఫ్యాన్ హోరుమని, ఆ తర్వాత ఆరిపోతోందా? అయితే ఇదే.

డబ్బా విప్పేముందు కొలువు. కోర్ టెంప్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్ ఉంది, అది వేసుకో. ఏ పనీ లేనప్పుడు ఎంత చూపిస్తోంది, ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నప్పుడు ఎంతకు పోతోంది, ఆ సమయానికి గదిలో ఎంత వేడి ఉంది, ఈ మూడూ కాగితం మీద రాసుకో. గది వేడి ఎందుకంటే, ఫ్యాన్ ఎంత పెద్దదైనా గదిలో ఉన్న గాలినే తోస్తుంది, అంతకంటే చల్లబరచలేదు. జనవరిలో 25 డిగ్రీల గదిలో 72 దగ్గర నడిచిన ప్రాసెసర్, మే నెలలో 38 డిగ్రీల గదిలో అదే పనికి 85 దగ్గరికి పోతుంది. అందులో తప్పేమీ లేదు. బరువైన పనిలో 80 లోపుంటే హాయి. 90 దాటి అక్కడే నిలబడితే పని పట్టాల్సిందే.

ఇక డబ్బా ఎక్కడుందో చూడు. కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అరలో, వెనక గోడకు ఆనించి ఉంటే, లోపలి నుంచి వచ్చిన వేడి గాలే తిరిగి లోపలికి పోతుంది. అరలోంచి తీసి, జానెడు ఎత్తు స్టూల్ మీద, గోడకు కనీసం అర అడుగు దూరంగా పెట్టు. దుమ్ము పడుతుందని నడుస్తున్నప్పుడు గుడ్డ కప్పడం మానుకో. కప్పేదేదో ఆపి, చల్లారినాక కప్పుకోవచ్చు.

లోపల గాలికి ఒకటే దారి ఉండాలి. ముందు నుంచి రావాలి, వెనక నుంచి, పై నుంచి పోవాలి. మన పాత మట్టి మిద్దెల్లో పొయ్యి సెగ పోయేందుకు పైన గవాచి వదిలేవాళ్లు కదా, ఇదీ అంతే. సన్న కాగితం ముక్క ఫ్యాన్ దగ్గర పెట్టి చూడు. ముందు ఫ్యాన్ కాగితాన్ని లాక్కోవాలి, వెనకది తోసేయాలి. వెనక ఫ్యాన్ తిరగేసి బిగించిన మిషన్లు నా దగ్గరికి చాలా వచ్చేవి. పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం అర్జంటు పని ఉన్న రోజుకి సరే. అలాగే వదిలేస్తే మాత్రం దుమ్మంతా మదర్‌బోర్డు మీదే. ఆషాఢం గాలులు మొదలైతే మీ అనంతపురంలో ఎర్రమట్టి ఎంత లేస్తుందో నేను చెప్పాలా?

అసలు పని శుభ్రం చేయడంలో ఉంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టు, మిగిలిన కరెంటు పోతుంది. డబ్బాను వాకిట్లోకో మిద్దె మీదికో తీసుకుపో, ముక్కుకి గుడ్డ కట్టుకో. లోపల చెయ్యి పెట్టేముందు డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకో. చిన్న బ్లోయర్, మెత్తటి పెయింటింగ్ బ్రష్ చాలు. బ్లోయర్ లేకపోతే సైకిల్ పంపు కూడా పనికొస్తుంది. నోటితో ఊదొద్దు, తడి పడుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకో. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగులు పోతాయి. అందరూ ఫ్యాన్ తుడిచి ఊరుకుంటారు, దుమ్ము పేరుకునేది దాని కింద, ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య. తాడిపత్రి వైపు నుంచి వచ్చే మిషన్లలో బండల పాలిష్ దుమ్ము ఆ రేకుల మధ్య తెల్లగా గట్టిపడి ఉండేది. అట్లాంటప్పుడు పైన ఫ్యాన్ విప్పి, రేకుల మధ్య బ్రష్‌తో ఓపిగ్గా తీయాల్సిందే.

ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టెను మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా దాని లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. బయటి జాలీలోంచి గాలి కొట్టు, అంతే. దాని ఫ్యాన్ చెడిపోయి ఉంటే మొత్తం ఎస్‌ఎంపీఎస్ మార్చుకో.

దుమ్ము తీసినాక కూడా 90 దాటుతుంటే థర్మల్ పేస్ట్ చూడాలి. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడిని అందించేది అది. ఏళ్లు గడిస్తే ఎండిపోతుంది. హీట్‌సింక్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రెండు వైపులా పాతది తుడిచి, ప్రాసెసర్ నడిమధ్య బఠానీ గింజంత పెట్టు. ఎక్కువ పెడితే లాభం లేదు, పక్కలకు కారుతుంది. హీట్‌సింక్ బరువుకి అదే పరుచుకుంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. నీది ఏఎండీ రైజెన్ అయితే, ముఖ్యంగా 5000 సిరీస్ దాకా వచ్చినవైతే, హీట్‌సింక్‌ను నేరుగా పైకి లాగొద్దు. పేస్ట్ పట్టుకుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, కింది పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు మిషన్ నడిపి, ఆపి, ప్లగ్ తీసి, వెచ్చగా ఉన్నప్పుడే మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ వదులు చేసి తీయి. ఇంటెల్‌తో వచ్చే హీట్‌సింక్ అయితే నాలుగు మూలల్లో ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఎదురెదురు మూలలవి జతగా నొక్కు, ప్రతిదీ టక్‌మని పడాలి. ఒక్క పిన్ను లేచినా హీట్‌సింక్ ఓ పక్క ఎత్తుగా నిలిచిపోయి, ప్రాసెసర్ నిమిషాల్లో కాగిపోతుంది. నీ మిషన్‌లో ఇదే అయ్యుండొచ్చు, పేస్ట్ కొనకముందే ఆ నాలుగూ వేలితో కదిపి చూడు. చివర్లో ఫ్యాన్ వైరు మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసున్న చోటే పెట్టు.

ఎయిర్ కూలర్ కొనుక్కుంటానన్నావు. కొనుక్కో, కానీ దాని గాలి నేరుగా డబ్బా మీదికి కొట్టకూడదు. తడిగాలికి లోపలి దుమ్ము ముద్దకట్టి అతుక్కుంటుంది, తర్వాత బ్లోయర్‌కి కూడా రాదు. ఎదురుగా కిటికీ తెరిచి, కూలర్ నువ్వు కూర్చునే వైపు తిప్పుకో.

పెళ్లిళ్ల సీజన్ అయ్యేదాకా పనికొచ్చే ఉపాయం ఒకటి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి పోతే, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. దాన్ని 100 నుంచి 99కి మార్చు. చాలా మిషన్లలో టర్బో, అంటే ప్రాసెసర్ తనంతట తనే అదనంగా వేగం పెంచుకోవడం, ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. ఎక్స్‌పోర్ట్ కొంచెం ఆలస్యమవుతుంది, మధ్యలో ఆరిపోయి మొదటికి రావడం కంటే నయం కదా. నీ గది పై అంతస్తులో ఉంది, స్లాబు పగలంతా కాగి రాత్రి పదింటికి కూడా సెగ వదులుతుంది. అందుకని పెద్ద ఎక్స్‌పోర్ట్‌లు తెల్లవారుజామున లేచి పెట్టుకో.

యూపీఎస్‌ను కూడా డబ్బాకి దూరంగా జరుపు. వేడికి దాని బ్యాటరీ తొందరగా పోతుంది.

ఇవన్నీ చేసినాక మళ్లీ మధ్యాహ్నం రెండింటికే ఎక్స్‌పోర్ట్ పెట్టి ఆ మూడు అంకెలూ రాసి పంపు. వేడి 80 దగ్గరే ఉండి కూడా ఆరిపోతుంటే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి. అప్పుడు డబ్బాను బస్సులో నా దగ్గరికి తీసుకురా, వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూద్దాం. మదర్‌బోర్డు మాట ఆ తర్వాత.

మీ పెద్దనాయన,
కడప