పదకొండో పేజీలో చేతులు కలిపించావు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అంది పదిహేను రోజులైంది. జవాబు ఆలస్యానికి నా కంటి ఆపరేషన్ కారణమని మీ నాన్నతో ఫోన్లో అన్నాను. అది సగం నిజం. మిగతా సగం నీ పదకొండో పేజీ.

మాంచెస్టర్‌లో ఒక పాత రికార్డుల షాపు. శనివారం శనివారం అక్కడ కలిసి పోట్లాడుకునే ఇద్దరు డెబ్బై ఏళ్ళ ఇంగ్లీషువాళ్ళు. ఒకాయనకి యెస్ అనే రాక్ బ్యాండ్ అంటే ప్రాణం. ఇంకొకాయన జెనెసిస్ అనే ఇంకో బ్యాండ్ అంటే చెవి కోసుకుంటాడు. పది పేజీలు బాగానే కొట్టుకున్నారు. పదకొండో పేజీలో షాపతను కాఫీ కప్పులు అందిస్తూ "రెండూ గొప్పవే కదా" అన్నాడు. అంతే, ఇద్దరూ చేతులు కలిపి కళ్ళు తుడుచుకున్నారు. కథ అయిపోయింది.

కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. "రెండూ గొప్పవే" అన్న మాట అభిమాని నోట రాదు నాయనా. పెళ్ళికొచ్చి, మొదటి బంతిలో తినేసి బస్సు పట్టుకోవాలని చూసేవాడు "అబ్బాయీ బాగున్నాడు, అమ్మాయీ బాగుంది" అంటాడు చూడు, ఇది ఆ మాట.

మూడో పేజీలో ముసలాయన ఎల్పీని రెండు అరచేతుల అంచులతో పట్టుకుని కవర్లోంచి తీస్తాడే, అది బాగుంది. తియ్యకు.

"నిష్పక్షపాతంగా రాశాను పెదనాన్నా" అని ఉత్తరంలో గొప్పగా చెప్పుకున్నావు. నీ జబ్బు అక్కడే ఉంది. నువ్వు ఎవరి వైపూ లేవు కనక ఇద్దరి చేతా విశేషణాలు మాట్లాడించావు. ఒకడు "అద్భుతం" అంటాడు, రెండోవాడు "అంతకంటే అద్భుతం" అంటాడు. ప్రోగ్ రాక్, అంటే ఈ రెండు బ్యాండ్లూ వాయించే పొడుగాటి పాటల రాక్ సంగీతం, దాని పిచ్చి ఉన్నవాడు అలా మాట్లాడడు. ఏ పాట, ఏ సైడు, ఎన్నో నిమిషం, అక్కడ డ్రమ్స్ ఎవరు వాయించారు, అలా మొదలెడతాడు. వాళ్ళని నేను దగ్గరగా చూశాను.

1973లో నేను మాంచెస్టర్‌లోనే ఉన్నాను. మిల్లు బట్టల చదువుకని వెళ్ళాను. అద్దె ఇంట్లో ముగ్గురం. గ్యాస్ మీటర్లో పది పెన్నీల బిళ్ళ వేస్తేగానీ గది వెచ్చబడేది కాదు. మిగతా ఇద్దరూ నీ ముసలాళ్ళే అనుకో, అప్పటికి ఇరవై దాటినవాళ్ళు. యెస్ వాడి దగ్గర టర్న్‌టేబుల్ ఉండేది. జెనెసిస్ వాడి దగ్గర స్పీకర్లు ఉండేవి. అందుకని విడిపోయే వీల్లేకుండా పోట్లాడుకునేవాళ్ళు.

ఇద్దరికీ ఆయుధాలు 1972లోనే దొరికాయి. ఆ ఏడాది యెస్ వాళ్ళు 'క్లోజ్ టు ది ఎడ్జ్' తెచ్చారు. మొదటి సైడంతా ఒకటే పాట, పద్దెనిమిది నిమిషాల పైన. అదే ఏడాది జెనెసిస్ వాళ్ళు 'ఫాక్స్‌ట్రాట్' తెచ్చారు. అందులో 'సప్పర్స్ రెడీ' ఇరవై మూడు నిమిషాలు, ఏడు భాగాలు. చివర్లో తొమ్మిది దెబ్బల లెక్కలో ఒక ఘట్టం వస్తుంది. మన తాళాల్లో సంకీర్ణం అనుకో. డ్రమ్సూ బేసూ ఆ తొమ్మిది మీద మొండిగా కూర్చుంటే టోనీ బ్యాంక్స్ ఆర్గన్ మాత్రం తన లెక్కలో తాను తిరిగి వస్తుంటుంది. మా జెనెసిస్ వాడు అక్కడ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టేవాడు. యెస్ వాడు కావాలని పక్క నుంచి తప్పు అంకెలు చెప్పేవాడు.

ఇంకో సంగతి నీ కథలో లేనే లేదు, అది లేకపోతే ఇంగ్లండే లేదు. యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్ అక్రింగ్టన్ వాడు. ఆ ఊరు మాంచెస్టర్‌కి ఉత్తరాన, దగ్గర్లోనే. చిన్నప్పుడే బడి మానేసి పనుల్లో పడ్డవాడు. జెనెసిస్ పుట్టింది సర్రీలోని చార్టర్‌హౌస్‌లో. డబ్బున్నవాళ్ళ పిల్లల హాస్టల్ బడి. జెనెసిస్ గాయకుడు పీటర్ గేబ్రియల్, బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫర్డ్ అక్కడి పిల్లలే. మా యెస్ వాడు మిల్లు కూలీ కొడుకు. మెలోట్రాన్ అనే కీబోర్డు వాద్యం గురించి మొదలైన పోట్లాట అరగంటలో "మీ నాన్న ఫీజు ఎంత కట్టాడు" దాకా వచ్చేది. అప్పుడు జెనెసిస్ వాడు వాళ్ళ డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్‌ని ముందుకు తోసేవాడు. కాలిన్స్ ఆ బడివాడు కాదు, చిన్నప్పుడు లండన్‌లో స్టేజీ నాటకాల్లో వేసినవాడు. "ఇంట్లో ఒక్క మంచివాడు ఉంటే వీధంతా చూపించుకుంటారు" అనేవాడు యెస్ వాడు. నువ్వు ఆ ఊళ్ళోనే ఆరేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నావు కదా, ఇది నీ చెవిన పడలేదా?

నాది జెనెసిస్ పక్షం. ఇప్పటికీ అంతే. నేను కథలు రాసేవాణ్ణి, వాళ్ళు కథలు పాడేవాళ్ళు. గేబ్రియల్ స్టేజీ మీద వింత వింత కథలు చెప్పేవాడు. ఎందుకో తెలుసా? వెనక వాళ్ళు పన్నెండు తీగల గిటార్లు శ్రుతి చేసుకోవడానికి బోలెడంత సేపు పట్టేది. జనం ఊరుకోరు కదా, ఆ ఖాళీలో నోటికొచ్చిన కథ ఎత్తుకునేవాడు. 1972లో డబ్లిన్‌లో ఒక రోజు భార్య ఎర్ర గౌనూ నక్క తలా తగిలించుకుని స్టేజీ ఎక్కాడు. తోటివాళ్ళకి ఒక్క మాట చెప్పలేదు. రాసేవాడన్నవాడికి ఆపాటి తెగువ ఉండాలి. నువ్వు కథ మొదలుపెట్టే ముందు ఎంతమందిని అడిగావో, వాళ్ళ పేర్లన్నీ ఉత్తరంలో రాశావు. తొమ్మిదిమంది!

యెస్ పాటల్లో మాటలకి అర్థం వెతకడం దండగ. ఆండర్సన్ మాటని శబ్దం కోసం ఎంచుకుంటాడు, తనే చెప్పుకున్నాడు. నేను రోజూ అదే పట్టుకుని మావాణ్ణి ఏడిపించేవాణ్ణి. "అర్థం లేని పాటకి ఆ ముఖం అలా పెడతావేంట్రా" అని.

ఒక రాత్రి గ్యాస్ అయిపోయి, కోట్లు వేసుకునే పడుకున్నాం. యెస్ వాడు చీకట్లో మళ్ళీ తన రికార్డు పెట్టాడు. వింటుంటే నాకు మద్రాసు సభలు గుర్తొచ్చాయి. త్యాగరాజ కీర్తనకి ముందు వరసలో కూర్చుని తల ఊపేవాళ్ళలో ఎంతమందికి తెలుగు వచ్చు? మాట తెలియకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకున్న పెద్దవాళ్ళని నేను చూడలేదూ? వాళ్ళకి లేని అర్థం గొడవ వీడికెందుకు ఉండాలి? వాడి తరఫున ఎవరూ అననంత గట్టి వాదన. నాకే తట్టింది. తెల్లారి లేచి నోరు మూసుకున్నాను. వాడికి ఆ వాదన దొరికితే నా పని అయిపోయినట్టే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇదిగో నీకు రాస్తున్నాను.

నేను చెప్పేది ఇదే, ఇంకేం చెప్పినా దీని చుట్టూనే. పక్షం ఉన్నవాడికే అవతలివాడి బలం తెలుస్తుంది, దానికి భయపడతాడు కాబట్టి. నీకు ఎవరి వల్లా భయం లేదు. అందుకే నీ జెనెసిస్ ఆయన నోట్లో ఒక్క పదునైన మాట లేదు, నీ యెస్ ఆయన నోట్లోనూ లేదు. ముందు ఏదో ఒక వైపు దూకు. తరవాత అవతలివాడికి నీ గొంతు నొక్కే మాట ఇవ్వు. నా వైపే దూకమనడం లేదు (దూకితే సంతోషిస్తాను).

బిల్ బ్రూఫర్డ్‌ని చూడు. అతను యెస్ డ్రమ్మరని నువ్వు ఐదో పేజీలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశావు. 'క్లోజ్ టు ది ఎడ్జ్' రికార్డింగ్ అయ్యాక, సరిగ్గా పేరు మోగుతున్న వేళ, యెస్‌ని వదిలేసి కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో బ్యాండ్‌లోకి వెళ్ళిపోయాడు. 1975లో గేబ్రియల్ జెనెసిస్ వదిలాడు. కాలిన్స్ పాడటానికి ముందుకొచ్చాడు. 1976 టూర్లో డ్రమ్స్ దగ్గర ఎవరు కూర్చున్నారు? బ్రూఫర్డ్! అప్పటికి నేను ఇండియా వచ్చేశాను. ఇద్దరూ ఒకే వారంలో ఉత్తరాలు రాశారు. "మావాడు రాకపోతే మీవాళ్ళకి స్టేజీ ఎక్కే దిక్కు లేదు" అని ఒకడు. "చివరికి వాళ్ళవాడు కూడా మన గూటికే చేరాడు" అని ఇంకొకడు. ఒకే మనిషి, రెండు విజయాలు. దాన్ని నువ్వు సమాచారంగా వాడి పారేశావు.

"మన రామారావు, నాగేశ్వరరావు అభిమానుల్లా" అని రెండుసార్లు రాశావు. రెండూ కొట్టెయ్యి. నీ పాఠకుడికి పోలిక అందించాలన్న ఆత్రం తప్ప అందులో ఏమీ లేదు. రామారావు సినిమాలో నాగేశ్వరరావు వచ్చి అదే వేషం పూర్తిచేసి వెళ్ళడు కదా. పైగా జెనెసిస్ వాళ్ళలో వాళ్ళకే పడదు. గేబ్రియల్ ఉన్నప్పటిదే జెనెసిస్ అనేవాడికి, కాలిన్స్ పాటలు ఇష్టమనేవాడి కంటే యెస్ వాడే నయం అనిపిస్తాడు. నేనూ ఆ తెగవాణ్ణే, ఒప్పుకుంటాను. 1977లో గిటారిస్టు స్టీవ్ హ్యాకెట్ కూడా వెళ్ళిపోయాక వచ్చినవి నేను కొనలేదు.

నా మొదటి కథల్లో ఒకటి ఇద్దరు బుర్రకథ పిచ్చివాళ్ళ పోట్లాట. ఒక వారపత్రిక సంపాదకుడు వేసుకుంటానన్నాడు. అచ్చులో చూస్తే ఆఖరి పేరా నాది కాదు. "ఇద్దరిలోనూ మంచి ఉంది, కళ ఒక్కటే గెలిచింది" అని ఆయనే కలిపాడు. అడిగితే "పాఠకులు నొచ్చుకుంటారు" అన్నాడు. ఆ పేరాకి నాకు పదిహేడు మెచ్చుకోలు ఉత్తరాలొచ్చాయి, అదీ అసలు అవమానం! తరవాత మూడేళ్ళు ఆ పత్రికకి రాయలేదు. ఆయనకి తేడా తెలిసినట్టు లేదు. ఇప్పుడేమో వర్క్‌షాపుల్లో 'ఓపెన్ ఎండింగ్' అని నేర్పుతున్నారట. సంపాదకుడి పిరికితనానికి అప్పట్లో కనీసం పేరు లేదు, ఇప్పుడు సర్టిఫికెట్ కూడా ఇస్తున్నారు.

ఒక తప్పు దిద్దుకో. యెస్ కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్ స్టేజీ మీద కూర తిన్న సంగతి నువ్వు లండన్‌లో పెట్టావు. అది మాంచెస్టర్‌లోనే, ఫ్రీ ట్రేడ్ హాల్లో. యెస్ వాళ్ళు 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' అని జంట ఎల్పీ చేశారు. నాలుగు సైడులకి నాలుగే పాటలు. 'ఒక యోగి ఆత్మకథ' పుస్తకంలో పేజీ అడుగున యోగానంద శాస్త్రాల గురించి రాసిన చిన్న వివరణ చదివి, ఆండర్సన్ ఎనభై నిమిషాల సంగీతం ఊహించాడు. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం, సైడుకొకటి. రికార్డు డిసెంబర్లో గానీ షాపులకి రాలేదు, టూరు నవంబర్లోనే మొదలైంది. జనం అంతవరకు వినని పాటలు గంటా ఇరవై నిమిషాలు వింటూ కూర్చోవాలన్నమాట. వేక్‌మన్‌కి అది నచ్చలేదు, చాలాసేపు చెయ్యడానికి పనీ లేదు. ఆర్గన్ కింద ఉండే సహాయకుడు ఏం తింటావని అడిగితే చికెన్ విందాలూ, అప్పడాలు, బెండకాయ వేపుడు చెప్పాడట. కచేరీ తరవాత తినడానికి అనుకున్నాడు. అరగంటలో వేడివేడిగా స్టేజీ మీదికే వచ్చేశాయి. కీబోర్డుల మీద పెట్టుకుని తిన్నాడు. మరుసటి ఏడాదే బ్యాండ్ వదిలాడు, మళ్ళీ చేరాడనుకో.

ఆ చలికాలం నేను అదే ఊళ్ళో ఉన్నాను. యెస్ వాడు టికెట్ తెస్తానన్నాడు. జెనెసిస్ వాణ్ణి కదా, రానన్నాను.

పదకొండో పేజీ తీసేసి మళ్ళీ రాసి పంపు. ఈసారి ఒకడు ఓడిపోవాలి, వాడు ఇంటికి వెళ్ళే బస్సులో కూడా ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ ఉండాలి. నువ్వు అడిగిన కలం పేరు సంగతి తరవాత చూద్దాం. కాగితాలకి నంబర్లు వెయ్యి, ఏడో పేజీ నాకు రెండుసార్లు వచ్చింది.

మీ నాన్నని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న