పాఠకుల ప్రశ్నలు: 26 పాయింట్ల కంటే 24 పాయింట్లు ఎలా మిన్న?

ప్రశ్న: 2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల బాస్కెట్‌బాల్ ఫైనల్లో అమెరికా 98–87తో ఫ్రాన్స్‌ను ఓడించింది. ఆ ఆట గణాంకాల పట్టికలో అందరికంటే ఎక్కువగా 26 పాయింట్లు ఫ్రాన్స్ ఆటగాడు విక్టర్ వెంబన్యామా పేరు మీద ఉన్నాయి. అయినా అందరూ 24 పాయింట్లు చేసిన అమెరికా ఆటగాడు స్టెఫెన్ కరీనే పొగిడారు. ఉత్తమ ఆటగాడి పురస్కారమేమో ఫైనల్లో 14 పాయింట్లే చేసిన ఆయన సహచరుడు లెబ్రాన్ జేమ్స్‌కు దక్కింది. మా ప్రాంతపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తిందంటే ఇక్కడ చదువురానివారికి కూడా అర్థమైంది. ఈ పట్టికను ఎలా చదవాలో చెప్పండి.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: మీరు మల్లీశ్వరి పేరు ఎత్తడం మంచిదైంది, ఎందుకంటే రెండు ఆటల లెక్కకూ ఉన్న తేడా అక్కడే తెలుస్తుంది. సిడ్నీలో ఆమె చివరి ప్రయత్నంగా 137.5 కిలోలకు వెళ్లి ఎత్తలేకపోయారు, అయినా అంతకుముందు సాధించిన 240 చెక్కుచెదరలేదు. బాస్కెట్‌బాల్‌లో అలా కుదరదు. గురి తప్పిన బంతి చాలాసార్లు ఎదుటి జట్టు చేతికి చిక్కుతుంది కాబట్టి, ఎన్ని పాయింట్లు చేశాడన్న ప్రశ్నకు ఎన్ని ప్రయత్నాల్లో చేశాడన్న ప్రశ్న ఎప్పుడూ జంటగా ఉండాలి. పట్టికలో పాయింట్ల పక్కన 8/13 వంటి అంకెలు కనబడేది ఇందుకే. అందులో మొదటిది బుట్టలో పడిన బంతుల సంఖ్య, రెండోది మొత్తం ప్రయత్నాల సంఖ్య.

ఫైనల్లో కరీ వరుస చూడండి. 13 ప్రయత్నాల్లో 8 సఫలమయ్యాయి, ఆ ఎనిమిదీ మూడు పాయింట్ల గీత అవతలి నుంచి వేసినవే. అక్కడి నుంచి ఆయన 12 సార్లు ప్రయత్నించారు. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు, అంటే ఫ్రీ త్రో (ఎదుటివారి ఫౌల్‌కు బదులుగా అడ్డు లేకుండా వేయనిచ్చే ఒక పాయింటు బంతి) ద్వారా వచ్చిన పాయింటు ఒక్కటీ లేదు. ప్రయత్నానికి సగటున 1.85 పాయింట్లు వచ్చాయన్నమాట. ఎప్పుడూ రెండు పాయింట్ల దూరం నుంచే ఆడే ఆటగాడు తన ప్రయత్నాల్లో సగానికి సగం వేసినా సగటు 1 దగ్గరే ఆగుతుంది. మూడు పాయింట్ల బంతికి అదనపు విలువ ఇచ్చి లెక్కగట్టే పద్ధతి ఒకటుంది: మొత్తం సఫలాలకు మూడు పాయింట్ల సఫలాలలో సగం కలిపి, ప్రయత్నాలతో భాగిస్తారు. కరీ విషయంలో 8కి 4 కలిపి 13తో భాగిస్తే 92 శాతం పైమాటే.

అయితే పట్టిక చెప్పని సంగతి ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అసలు జవాబు అదే. ఆట ముగియడానికి సుమారు మూడు నిమిషాలుండగా స్కోరు 82–79. ఫ్రాన్స్ ప్రేక్షకుల కేకలతో హాలు దద్దరిల్లుతోంది, ఒక్క మూడు పాయింట్ల బంతి పడితే స్కోర్లు సమం. అక్కడి నుంచి అమెరికా చేసిన 16 పాయింట్లలో 12 కరీవే, నాలుగు సార్లూ గీత అవతలి నుంచే. పట్టికలో మొదటి నిమిషంలో పడిన బంతికీ చివరి నిమిషంలో పడిన బంతికీ విలువ ఒక్కటే. ఏ నిమిషంలో ఎవరు వేశారో తెలియాలంటే నిమిషాలవారీ ఆట వివరాలు పక్కన పెట్టుకుని చదవాలి.

ఇదే కరీ ఆ ఒలింపిక్స్ మొదటి నాలుగు ఆటల్లో మూడు పాయింట్ల దూరం నుంచి 20 సార్లు ప్రయత్నించి 5 మాత్రమే వేయగలిగారు. చివరి రెండు ఆటల్లో 26కు 17 వేశారు. సెర్బియాపై 95–91తో గెలిచిన సెమీఫైనల్లో ఆయన ఒక్కరే 36 పాయింట్లు చేశారు. ఆరు ఆటల సగటు మాత్రమే చూసినవారికి ఈ ఎగుడుదిగుడు కనిపించదు.

జేమ్స్‌కు దక్కిన పురస్కారం ఫైనల్‌ ఒక్కదానికి కాదు, టోర్నీ మొత్తానికి. ఆయన ఫైనల్లో 14 పాయింట్లతో పాటు 10 అసిస్టులు, 6 రీబౌండ్లు సాధించారు. సెమీఫైనల్లో 16 పాయింట్లు, 12 రీబౌండ్లు, 10 అసిస్టులు నమోదు చేశారు. అసిస్టు అంటే తోటి ఆటగాడు వెంటనే బుట్టలో వేయగలిగేలా బంతి అందించడం, రీబౌండు అంటే గురి తప్పిన బంతిని దక్కించుకోవడం. పాయింట్ల గడి ఒక్కటే చూసే కంటికి ఈ పని ఎక్కడా ఆనదు.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య పట్టికల్లో చివరన సామర్థ్యం అనే ఒక అంకె ఉంటుంది. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీళ్లు (ఎదుటివారి నుంచి లాక్కున్న బంతులు), బ్లాకులు (బుట్ట వైపు వేసిన బంతిని చేత్తో అడ్డుకోవడం) కూడి, అందులోంచి తప్పిన ప్రయత్నాలను, పోగొట్టుకున్న బంతులను తీసేస్తారు. తొందరలో ఉన్నవారికి అది సరిపోతుంది కానీ, దాని మీద నాకంత నమ్మకం లేదు. ఎదుటి ఆటగాడిని అసలు బంతి వేయనివ్వకుండా అడ్డుకున్న రక్షకుడి శ్రమకు అందులో గడే లేదు.

ప్రశ్న: అమెరికా వృత్తి లీగ్ అయిన ఎన్‌బీఏలో సునాయాసంగా 30 పాయింట్లు చేసేవారు సొంత దేశం తరఫున ఆడితే ఎందుకు తగ్గిపోతారు?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: చాలావరకు తగ్గేది ఆటగాడు కాదు, సమయం. ఎన్‌బీఏ ఆట 48 నిమిషాలు, దేశాల మధ్య ఆట 40 నిమిషాలు. పైగా జాతీయ జట్టులో పన్నెండు మందీ మేటి ఆటగాళ్లే అయినప్పుడు ఒక్కరే ముప్పై అయిదు నిమిషాలు కోర్టులో ఉండరు. ఎన్‌బీఏలో ఆరో ఫౌల్‌కు బయటకు పంపుతారు, దేశాల మధ్య ఆటలో అయిదో ఫౌల్‌కే పంపుతారు. రక్షకుడు మూడు సెకన్లకు మించి బుట్ట కింద ఊరికే నిలబడకూడదన్న ఎన్‌బీఏ నిబంధన ఇక్కడ లేదు కనుక పొడగరులు అక్కడే పాతుకుపోతారు, లోపలికి దూసుకెళ్లేవారికి దారి దొరకదు. మూడు పాయింట్ల గీత మాత్రం ఇక్కడ కాస్త దగ్గర: ఎన్‌బీఏలో ఎదురుగా 7.24 మీటర్లు, ఇక్కడ 6.75 మీటర్లు. దగ్గరైనంత మాత్రాన బంతులు పడాలని లేదు. 2004 ఏథెన్స్‌లో ప్యూర్టోరికో చేతిలో 92–73తో ఓడిన రోజున అమెరికా జట్టు మూడు పాయింట్ల గీత అవతలి నుంచి (అప్పట్లో అది 6.25 మీటర్లే) 24 ప్రయత్నాల్లో 3 మాత్రమే వేయగలిగింది. ఇదే నలభై నిమిషాల ఆటలో 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బ్రెజిల్ ఆటగాడు ఆస్కార్ ష్మిట్ స్పెయిన్‌పై 55 పాయింట్లు చేశారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల బాలికల జట్టుకు ఇలాంటి పట్టిక రాయించాలని ఉంది. కంప్యూటర్ లేదు, ఇద్దరు పిల్లలు, ఒక నోటుపుస్తకం ఉన్నాయి. సాధ్యమేనా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: సాధ్యమేనండి. ఒకరు కోర్టు మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పాలి, రెండోవారు తల ఎత్తకుండా రాయాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తే కచ్చితంగా ఏదో ఒక రీబౌండు జారిపోతుంది. ప్రతి అమ్మాయి పేరుకు ఎదురుగా రెండు పాయింట్ల ప్రయత్నాలు, మూడు పాయింట్ల ప్రయత్నాలు, ఫ్రీ త్రోలు, రీబౌండ్లు, అసిస్టులు, పోగొట్టుకున్న బంతులు, ఫౌళ్లు అని గళ్లు గీయించండి. ప్రయత్నం జరగగానే అడ్డగీత, పడితే దాని చుట్టూ సున్నా. అసిస్టు విషయంలో రాసేవారి అభిప్రాయానికి తావుంటుంది కాబట్టి ఏది అసిస్టో ఆటకు ముందే మీరు ఒక నియమం పెట్టి, సీజను పొడవునా దానినే పాటించండి.

చెప్పే అమ్మాయికి పాదాలు చూడటం ముఖ్యంగా నేర్పండి. పారిస్ మహిళల ఫైనల్లో 67–64తో వెనకబడిన ఫ్రాన్స్ తరఫున గాబీ విలియమ్స్ చివరి క్షణంలో దూరం నుంచి వేసిన బంతి బుట్టలో పడింది. కానీ ఆమె పాదం గీతను తాకడంతో దాన్ని రెండు పాయింట్లుగానే లెక్కించారు, అమెరికా 67–66తో గెలిచింది. మూడు పాయింట్లు ఇచ్చి ఉంటే స్కోర్లు సమమై అదనపు సమయం ఆడవలసి వచ్చేది. గీత వెడల్పు 5 సెంటీమీటర్లే, అది తాకినా రెండే.

ఆట అయ్యాక ప్రతి వరుసలో రెండు పాయింట్ల సఫలాలను రెండుతో, మూడు పాయింట్ల సఫలాలను మూడుతో హెచ్చించి ఫ్రీ త్రోలు కలపమనండి. అందరి మొత్తమూ స్కోరు పలకతో సరిపోవాలి. సరిపోకపోతే పిల్లలు ఇళ్లకు వెళ్లకముందే, ఎవరు ఏ బంతి వేశారో వాళ్లకింకా గుర్తుండగానే, కోర్టు పక్కన కూర్చోబెట్టి సరిచేయించండి.